రెండు కలిపిందెవరు

చెవిపెట్టె పని మొదలయ్యేనాటికి మాజేటి విశ్వనాథం చేతిలో ఉన్నవి ఇవి: కొండ్రుపాలెం పసుపు యార్డు మూడో వరసలో ఒక కమిషన్ కొట్టు, దాని వెనక గోడౌను, గోడౌను పైన ఖాళీగా పడి ఉన్న గది, ముప్ఫై ఏళ్ల మంచి పేరు, రెండు చెవులు. మొదటి నాలుగూ బాగానే పనిచేస్తున్నాయి. చెవుల సంగతి మాత్రం ఆయనకు తప్ప ఇంకొకరికి తెలియదు.

పసుపు కొమ్ము ఎండిందో లేదో తేల్చేది చెవే. బాగా ఎండిన కొమ్మును విరిస్తే పలక మీద మేకు పడ్డట్టు టంగుమంటుంది. తేమ ఉన్నదైతే దగ్గు ఆపుకున్నట్టు మెత్తగా విరుగుతుంది. ఈ రెంటికీ మధ్యనున్న మెట్లన్నీ విశ్వనాథం తండ్రికి తెలుసు. ఆయన దగ్గర కూర్చుని విశ్వనాథం నేర్చుకున్నాడు. రైతు బస్తా విప్పగానే ఒక కొమ్ము ఏరి, కుడిచెవి దగ్గర పెట్టుకుని విరిచి, పన్నెండనో పద్నాలుగనో చెప్పేవాడు. నూటికి అంత తేమ ఉన్నట్టు. పది దాటితే, దాటినంతా తూకంలోంచి తరుగు కింద పోతుంది. యార్డులో ఎవరికి ఎవరితో తగాదా వచ్చినా చివరికి ఆయన్నే పిలిచేవారు. పదిమంది ముందు కొమ్ము విరిచి శెట్టిగారు ఒక అంకె చెప్పారంటే, దాని మీద మళ్ళీ మాట్లాడటం అక్కడ మర్యాద కాదు.

ఆ చెవి రెండేళ్ల కిందట మొరాయించింది. మనుషుల మాటలు వినపడుతున్నాయి, లారీ హారన్లు వినపడుతున్నాయి, భార్య భ్రమరాంబ వంటింట్లోంచి పిలిచే పిలుపు అవసరానికి మించే వినపడుతోంది. టంగుమనే ఆ సన్నటి మోత ఒక్కటే పోయింది. విశ్వనాథం ఎవరికీ చెప్పలేదు. కొమ్మును అలవాటు ప్రకారం చెవి దగ్గరే విరుస్తూ, అంకెను మాత్రం గోటితో గీరి, ముక్కుతో చూసి, ఎక్కువ భాగం రైతు మొహం చూసి చెబుతున్నాడు. పచ్చి సరుకు తెచ్చినవాడు తన కళ్లలోకి చూడడు, కాటా వంక చూస్తాడు. రెండేళ్లు ఈ లెక్క ఆయన్ను కాపాడింది. కానీ మొహాలతో వ్యాపారం ఎంతకాలం సాగుతుంది? ఏదో ఒకరోజు బాగా నటించగలిగే రైతు ఎవడో వస్తాడు.

సరిగ్గా అప్పుడే రెబ్కా గది అడగడానికి వచ్చింది. పాలిటెక్నిక్ కాలేజీలో ఇరవై రెండేళ్లు కంప్యూటర్ పాఠాలు చెప్పిన మనిషి. పిల్లలు రాసిన ప్రోగ్రాములు దిద్ది దిద్ది ఆమెకు ఒక్క విషయం మీద విసుగు పుట్టింది. ప్రతివాడూ కోడు రాస్తాడు, ఆ లైను ఎందుకు రాశాడో పక్కన కామెంటు మాత్రం రాయడు. ఉద్యోగం మానేసి ఆమె ఆ విసుగులోంచే ఒక కొత్త యంత్రభాష తయారుచేసింది. దాన్ని వెంట తెచ్చిన ఒక మాట్లాడే పెట్టెలో వేసి, విశ్వనాథానికి గల్లాపెట్టె మీదే ఆడించి చూపించింది. బల్బు వెలిగించమని ఒక లైను రాసింది. వెలగలేదు. దాని పక్కన 'చీకటిగా ఉంది కనుక' అని కామెంటు రాసింది. వెలిగింది. దాన్ని కొట్టేసి 'ఎలకలు రాకుండా' అని రాసింది. బల్బు ఆరిపోయింది. బల్బుకూ ఎలకలకూ సంబంధం కనపడలేదని పెట్టె గొంతు విప్పి చెప్పింది.

అంటే కారణం లేని పని చెయ్యదు, అబద్ధపు కారణానికి లొంగదు, ఎవరైనా ఎందుకని అడిగితే రాసి ఉన్న కారణాన్ని ఉన్నదున్నట్టు చదువుతుంది. ఇలాంటి గుమాస్తాను తాను ఒక్కపూట కూడా పెట్టుకోనని విశ్వనాథం మనసులో అనుకున్నాడు. కానీ ఆయనకు కావలసింది గుమాస్తా కాదు, చెవి. గది ఊరికే ఇస్తాననీ, బదులుగా కొమ్ము విరిగిన మోత విని తేమ చెప్పే యంత్రం మొదట తన కొట్టుకు చేసిపెట్టాలనీ బేరం కుదుర్చుకున్నాడు. పైకి మాత్రం, నా చెవి నాతోనే పోకూడదమ్మా, అందుకని, అన్నాడు.

మూడు నెలలు కొట్లో రైతుల ముందే ఆయన విరిచాడు, ఆమె మైకు పట్టుకుంది. విరిచిన ముక్కల్ని ఆమె ఓవెన్లో ఎండబెట్టి, ముందూ వెనకా తూచి, అసలు తేమ ఎంతో పట్టికలో రాసుకుంది. నాలుగు వందల కొమ్ములయ్యాక పట్టిక తీసుకుని కిందికి దిగివచ్చింది.

"శెట్టిగారూ, మీ అంకె ఓవెన్ అంకె కంటే ఎప్పుడూ రెండు ఎక్కువ ఉంటోంది. ఒకటి కాదు, మూడు కాదు. రెండే."

విశ్వనాథం నవ్వాడు. అది తన తండ్రి నేర్పిన పద్ధతని చెప్పాడు. గోడౌనులో ఎలకలు తింటాయి, గోనెసంచిలోంచి పొడి రాలుతుంది, వానాకాలంలో నాలుగు బస్తాలు బూజు పడతాయి, వాటికి ఎవరు జవాబు చెబుతారు? అందుకని మాజేటివారి కొట్లో చెవి పలికిన దానికి రెండు కలపడం తాతలనాటి ఆచారం. కలిపినట్టు చెప్పకపోవడం కూడా అందులో భాగమే. అది తేమ కాదు కదండీ అంది రెబ్కా. పెట్టె మీ ఓవెన్లా పలకాలా, నా చెవిలా పలకాలా అని ఆయన అడిగాడు. గది ఆయనది. ఆమె పైకి వెళ్లి ఒక లైను రాసింది.

యార్డు కమిటీ ప్రెసిడెంటు పెదబాబయ్యకు ఈ సంగతి చేరింది. నలభై రోజులు విశ్వనాథం కొట్లో నడవనిచ్చి, ఆపైన అందరి ముందూ పరీక్ష పెట్టి, నిలబడితే యార్డు గేటు దగ్గరే పెట్టిద్దామన్నాడు. విశ్వనాథానికి కావలసింది అదే. పెట్టె గేటెక్కిందంటే ఇక ఏ తగాదాకూ తనను కొమ్ము విరవమని ఎవరూ పిలవరు. పేరు పేరుగానే ఉండిపోతుంది, చెవి సంగతి చెవిలోనే ఉండిపోతుంది. పెట్టె ఓడిపోతే మళ్లీ తానే, మళ్లీ ఆ మొహాలే.

మొదటిరోజు మొదటి బస్తా తాడిబోయిన ఏడుకొండలుది. ఇరవై ఏళ్లుగా ఆ కొట్టుకే సరుకు తెచ్చే రైతు. పెట్టె తన ఇనుపవేళ్లతో కొమ్ము విరిచి, పద్నాలుగంది. ఏడుకొండలు వంగి పెట్టెను పలకరించాడు.

"అట్టా ఎట్టా వచ్చిందమ్మా పద్నాలుగు?"

"మోత ప్రకారం పన్నెండు," అంది పెట్టె, తడుముకోకుండా. "నేను రెండు కలిపాను. ఎందుకో శెట్టిగారిని అడగాలి."

ఏడుకొండలు తలెత్తి శెట్టిగారిని చూశాడు. చుట్టూ ఉన్న ఏడెనిమిది మందీ చూశారు. విశ్వనాథం చెవి వెనక చెయ్యి పెట్టుకుని, ఆఁ ఏమంటున్నావు, ఈ లారీల గోలలో ఏమీ వినపడి చావడం లేదంటూ లేచి లోపలికి వెళ్లిపోయాడు. లేని చెవిటితనాన్ని తెచ్చిపెట్టుకున్నానని వాళ్లు అనుకోవడమే ఆ పూటకు ఆయనకు దక్కిన లాభం.

మధ్యాహ్నం పై గదిలో పంచాయితీ జరిగింది. రెబ్కా తనకోసం రాసుకున్న గుర్తును, అందులో అబద్ధం లేదు కనుక, పెట్టె కారణంగా తీసుకుని చదివేసింది. ఆ లైను కొట్టెయ్యమన్నాడాయన. కొట్టేస్తే పన్నెండంటుంది, మరి పొద్దున పద్నాలుగు అన్నదెవరని అడగరా అంది రెబ్కా. నిజమే. పోనీ ఎలకలు తింటాయి కనుక అని రాయమన్నాడు. ఎన్ని ఎలకలు, రోజుకెంత తింటాయి అని పెట్టె లెక్క అడిగి, చెప్పకపోయేసరికి ఆగిపోయింది.

"పని మార్చలేం, కారణం మార్చలేం," అంది రెబ్కా. "చేసేదెవరన్నది ఒక్కటే మన చేతిలో ఉంది. నేను అని రాశాను, ఆ నేను ఎవరో వాళ్లకు తెలియదు, అందుకే మిమ్మల్ని చూశారు."

విశ్వనాథానికి కాస్త ప్రాణం లేచివచ్చింది. కొట్లో కూర్చున్నవాడు నేను అనకూడదని ఆయన తండ్రి ఎప్పుడూ చెప్పేవాడు. సరుకు మన దగ్గర ఉంది, ఆ రేటుకు మనం ఇవ్వలేం, రేపు మనమే పంపిస్తాం. వ్యాపారమంతా మనంలోనే సాగుతుంది, మనంలో ఎవరి మెడా దొరకదు. 'ఇక్కడ మనం రెండు కలుపుతాం, ఇది కొట్టు ఆచారం' అని రాయించాడు. ఆచారమన్నది నిజమే కాబట్టి పెట్టె ఒప్పుకుంది.

అయితే పెట్టె దృష్టిలో మనం అంటే ఎదురుగా నిలబడ్డవాడు కూడా. ఎందుకని అడిగిన మొదటి రైతుకు అది, మనం రెండు కలుపుతామని మర్యాదగా చెప్పింది. మనమా, నేనెప్పుడు కలిపానని అతను తెల్లబోయి, కాస్త తేరుకుని, మనమే అయితే ఈసారి వద్దులే అన్నాడు. సరే, ఒకరు వద్దన్నారు, ఇంకెవరైనా ఉన్నారా అని పెట్టె అడిగింది. కాటా చుట్టూ పదకొండు చేతులు లేచాయి. ఒక చెయ్యి హమాలీ మేస్త్రీది, అతనికి పసుపుతో సంబంధమే లేదు. ఆ పూట మాజేటివారి కొట్లో తాతల తరువాత మొదటిసారి రెండు కలవలేదు.

మర్నాడు 'మేము' అని మార్చారు. రైతును బయట నిలబెట్టడానికి అదే మంచిదని విశ్వనాథం ఆలోచన. పెట్టె మేము అంటే ఎవరెవరని పేర్లు అడిగి, సొంతంగానే కొట్టు లైసెన్సు చూసుకుంది. లైసెన్సు ఎప్పటినుంచో భ్రమరాంబ పేరు మీద ఉంది. దాంతో అడిగినవాళ్లందరికీ, భ్రమరాంబగారూ విశ్వనాథంగారూ రెబ్కాగారూ కలిసి రెండు కలుపుతారని చెప్పడం మొదలుపెట్టింది. మూడోరోజు బియ్యం మర దగ్గర ఏడుకొండలు భార్య, ఏమ్మా, రెండు కలుపుతారంటగా అని భ్రమరాంబను పరామర్శించింది. భ్రమరాంబ అది తాను వాడుకగా పోసే పాలలో నీళ్ల గురించి అనుకుని, గేదెల దగ్గర నుంచి మొదలుపెట్టి సంజాయిషీ ఇచ్చుకుని, సగం దారిలో అసలు విషయం తెలుసుకుంది.

ఆ మధ్యాహ్నం విశ్వనాథం పప్పు కలుపుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. మింగలేకపోయాడు. ఇంత ఉప్పు ఎవరు వేశారని అడిగాడు.

"మేము," అంది భ్రమరాంబ. "మేము రెండు చెంచాలు ఎక్కువ కలిపాం."

ఆయన మజ్జిగ తాగి లేచాడు. ఆమె గుమ్మం దాకా వచ్చి, చేసేవాడు తన పేరు చెప్పుకోలేని పని నా పేరు మీద పెట్టవద్దని మామూలు గొంతుతోనే చెప్పింది. ఈ వాక్యం ఆయనకు పూర్తిగా వినపడింది.

పెట్టె వెంట ఒక వాడుకపుస్తకం కూడా ఉండాలని కమిటీ అడగడంతో మూడో మార్పు జరిగింది. ఫ్యానుకైనా పంపుసెట్టుకైనా వచ్చే పుస్తకాల్లో మీరు ఇలా చేయండి, మీరు అలా చేయకండి అనే ఉంటుందని రెబ్కా చెప్పింది. చదివేవాడి నెత్తిన పని పెట్టేసే ఆ పద్ధతి విశ్వనాథానికి చాలా నచ్చింది. కామెంట్లన్నీ అలాగే తిప్పించాడు. వరసలో నాలుగోవాడిగా నిలబడ్డ ఏడుకొండలు ఎందుకని అడగగానే పెట్టె సూటిగా, మీరు రెండు కలపండి అంది.

ఏడుకొండలు మొహం పాలిపోయింది. నోట్లో ఏదో గొణిగాడు, విశ్వనాథానికి వినపడలేదు. అంతలోనే బస్తాల మూతులు కట్టుకుని, ట్రాక్టరు తిప్పుకుని వెళ్లిపోయాడు. అతని వెనకనున్న ముగ్గురు కూడా పెట్టె దాకా రాకుండానే బళ్లు తిప్పారు. ఇరవై ఏళ్ల ఖాతాదారు విప్పిన బస్తాలు తిరిగి కట్టుకుని పోవడం ఎప్పుడూ జరగలేదు. పెట్టె ఎవర్నీ తిట్టలేదు, కొట్టలేదు. ఏమిటిదని విశ్వనాథం ఆ రోజంతా కూడికలూ తీసివేతలూ వేసుకున్నాడు, తేలలేదు.

పరీక్షకు ఇంకా పదిహేను రోజులు ఉన్నాయి. నేను అంటే తనను చూస్తున్నారు, మనం అంటే చేతులెత్తుతున్నారు, మేము అంటే పప్పు పాడవుతోంది, మీరు అంటే బళ్లు తిరిగిపోతున్నాయి. ఎవ్వరూ లేకుండా రాయలేమా అని ఆయన అడిగాడు. రెబ్కా పెన్ను కింద పెట్టింది. రాయొచ్చు, ఆఫీసు నోటీసుల్లో రాస్తారు చూడండి, అలా, అంది. రాసింది కూడా, ఇష్టం లేకుండానే: 'ఆచారము ననుసరించి రెండు కలపబడును.'

"ఇందులో మనిషి లేడండీ," అంది.

"అదేగా కావాల్సింది."

ఆ మాట నిజమైంది. కలపబడును అని పెట్టె అనగానే రైతులు నోరెత్తడం మానేశారు. ఒకతను తలగుడ్డ కూడా తీసి చేత్తో పట్టుకున్నాడు. పైనుంచి ఎక్కడో ఆర్డరు వచ్చిందనీ, ఈ శెట్టిగారు మాత్రం ఏం చేస్తాడనీ టీకొట్టు దగ్గర చెప్పుకున్నారు. తన మీద జాలిపడుతున్నారని తెలిసి విశ్వనాథానికి ఆకలి పెరిగింది. పదిహేను రోజులు కొట్టు గుడిలా నడిచింది. ఇంట్లో పప్పు కూడా కుదుటపడింది. భాషలో ఇంత సుఖమైన చోటు ఒకటి ఉందని ముందే తెలిస్తే, ముప్ఫై ఏళ్లుగా అక్కడే కాపురం ఉండేవాణ్ణి కదా అనుకున్నాడు.

పరీక్ష రోజు ఉదయం పది గంటలకు యార్డు షెడ్డు నిండింది. అందరికీ తెలిసిన సరుకే పెట్టాలని పెదబాబయ్య, ఏడుకొండలు వెనక్కి తీసుకుపోయి మళ్లీ ఎండబోసి తెచ్చిన బస్తానే ఎంచాడు. పెట్టె కొమ్ము విరిచింది. పన్నెండు, అంది. ఒకసారి చెప్పింది మళ్లీ చెబుతుందో లేదో చూడాలి కదా అని, పెదబాబయ్య అదే బస్తాలోంచి ఇంకో కొమ్ము తీసి ఇచ్చాడు. పద్నాలుగు, అంది పెట్టె. షెడ్డులో కాస్త కదలిక వచ్చింది. మూడో కొమ్ముకు పదహారు. నాలుగోదానికి పద్దెనిమిది. ఆరో కొమ్ముకు ఇరవై రెండు అనేసరికి, ఇంకో రెండు విరిస్తే బస్తాలో చేపలు పెంచుకోవచ్చని వెనకనుంచి ఎవరో అన్నారు.

పెదబాబయ్య పెట్టె ముందు వంగి, ఎందుకిట్టా పెంచుకుంటూ పోతున్నావని అడిగాడు.

"రెండు కలపబడును," అంది పెట్టె. "కలపడం అయిపోయిందని చెప్పడానికి ఎవరూ లేరు. అందుకని ప్రతిసారీ కలపబడుతోంది."

"ఆపు మరి."

"ఆపమని చేసేవారు చెప్పాలి."

"చేసేవాడెవడు?"

"లేరు."

విశ్వనాథం చెమట తుడుచుకున్నాడు. పదిహేను రోజులూ ప్రతి బస్తానూ ఒక్కసారే చూశారు కనుక ఇది బయటపడలేదు. రెబ్కా ఆయన వంక చూసింది. ఇందులో మనిషి లేడని ఆ రోజు ఆమె అన్నది ఈ సంగతేనని అప్పుడు ఆయనకు తట్టింది.

పెదబాబయ్య నడుం నిలబెట్టి, ఈ గోలంతా మనకెందుకు, శెట్టిగారున్నారుగా అన్నాడు. బస్తాలోంచి ఒక కొమ్ము ఏరి, రెండు చేతులతో విశ్వనాథానికి అందించాడు.

"మీరు విరవండి. మీ చెవి ఎంతంటే అంత."

షెడ్డంతా నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దం కూడా ఆయనకు మర్యాద చేస్తోంది, చిక్కేమిటంటే అందులో ఏ మోతైనా అందరికీ వినపడుతుంది, తనకు తప్ప. కుడిచెవి దగ్గర పెట్టుకుని విరిచాడు. వేళ్లకు విరిగినట్టు తెలిసింది. చెవికి ఏమీ తెలియలేదు. అలవాటుగా ఏడుకొండలు మొహం చూశాడు. ఆ మొహంలో బెదురు లేదు, భక్తి ఉంది. భక్తి ఎంత శాతమో చెప్పడం ఆయనకు రాదు.

పన్నెండు అంటే చాలు. ఎవరూ మారుమాట అనరు. పెట్టె ఇవాళే పాతసామాన్ల కొట్టుకు పోతుంది, రెబ్కా గది ఖాళీ చేస్తుంది, పేరు నిలుస్తుంది. నిలిచిన పేరు రేపు పొద్దున్నే ఇంకో కొమ్ము తెచ్చి చేతిలో పెడుతుంది. ఎల్లుండి ఇంకొకటి. విశ్వనాథం జీవితంలో ఎన్నో సరుకులు నిలవ పెట్టాడు. రోజురోజుకూ బరువు పెరిగే సరుకును మాత్రం నిలవ పెట్టకూడదని ఆయనకు తెలుసు.

"నాకు వినపళ్లేదు," అన్నాడు.

మళ్లీ విరవండి అన్నాడు పెదబాబయ్య.

"ఎన్ని విరిచినా వినపడదు బాబయ్యా. రెండేళ్లయింది. మీ మొహాలు చూసి చెబుతున్నా." ఎలాగూ మూట విప్పినవాడు సగంలో కట్టడం ఎందుకని మిగతాదీ చెప్పేశాడు. "ఆ రెండు కలిపేది ఆచారం కాదు, ఆర్డరు కాదు. మా తాతా మా నాన్నా కలిపారు, వాళ్ల తరువాత నేను కలుపుతున్నా. నేనే. ఇవాళ్టి నుంచి కలపను."

రెబ్కా కీబోర్డు ముందుకు లాక్కుంది. ఆయన చెప్పింది చెప్పినట్టు లైను పక్కన రాసి, పెట్టె చేతికి ఆ బస్తాలోంచే ఏడో కొమ్ము ఇచ్చింది.

"పది," అంది పెట్టె. "రెండు కలిపేవారు మాజేటి విశ్వనాథం. కలపనని ఆయనే చెప్పారు కనుక కలపలేదు."

విశ్వనాథం నేల చూస్తూ నిలబడ్డాడు. తిట్లు వస్తాయనుకున్నాడు, వస్తే ఎంతవరకు భరించాలో కూడా అంచనా వేసుకున్నాడు. వచ్చింది మాత్రం ఏడుకొండలు గొంతు, అదీ దాదాపు ఏడుపు గొంతు.

"ఇప్పుడు మా గతేంది శెట్టిగారూ?"

ఏమైందని అడిగితే అతను తలగోక్కుంటూ చెప్పాడు. శెట్టిగారి కొట్లో రెండు కలుపుతారని అతనికి వాళ్ల నాన్న చెప్పాడు. వాళ్ల నాన్నకు వాళ్ల తాత చెప్పాడట. అందుకని మాజేటివారి కొట్టుకు తెచ్చే పసుపును మాత్రం రెండురోజులు ముందే కల్లంలోంచి ఎత్తేస్తారు. వాళ్లు రెండు కోస్తారు కనుక వీళ్లు రెండు నీళ్లు ఉంచుతారు. ఊళ్లో అందరూ అంతే. కొత్తగా పెళ్లయి వచ్చిన కోడళ్లకు కూడా రెండుశెట్టి బస్తాలేవో, బయటి బస్తాలేవో తెలుసు.

"ఆ రోజు మీ పెట్టె 'మీరు రెండు కలపండి' అన్నప్పుడు నా గుండె జారిపోయింది. ఎప్పుడూ కలిపే తెస్తున్నాంగా, దీనికెట్టా తెలిసిందా అని," అన్నాడు. "అందుకే పారిపోయా. ఇది నిజంగా ఎండబెట్టిన సరుకు. ఇకమీదట అంతా ఇట్టా ఎండబెట్టాలంటే కల్లం చాలదండీ."

మొదట నవ్వింది పెదబాబయ్య. ఆ తరువాత షెడ్డు నవ్వింది. హమాలీ మేస్త్రీ బస్తా మీద కూర్చుండిపోయి నవ్వాడు. విశ్వనాథం నవ్వలేదు, ఆయన లెక్క వేసుకుంటున్నాడు. ప్రతి వానాకాలం గోడౌనులో తొమ్మిది, పది బస్తాలు ఎందుకు బూజు పడుతున్నాయో, వాటికి ఎవరు జవాబు చెప్పాలని మూడు తరాలుగా తమ ఇంట్లో అడుగుతున్న ప్రశ్నకు జవాబు ఇంత దగ్గర్లో, ఇంత తడిగా ఉందని ఆయనకు అప్పుడు అర్థమైంది. బూజు పడుతుందని రెండు కలిపారు. రెండు కలుపుతున్నారని తడి ఉంచారు. తడి ఉంచినందుకు బూజు పట్టింది.

చెవిపెట్టెను గేటు దగ్గర పెట్టారు. కమిటీ ఒక్క షరతు విధించింది: ప్రతి లైను పక్కనా 'నేను' అనే రాయాలి, కింద ఆ నేను పేరు ఉండాలి. వాడుకపుస్తకం కూడా అలాగే అచ్చయింది. చదివినవాళ్లకు అది పుస్తకంలా కాకుండా నలుగురు మనుషులు వరసగా నిలబడి ఎవరి తప్పు వాళ్లు చెప్పుకుంటున్నట్టు ఉంటుంది. భ్రమరాంబ గుంటూరు తీసుకెళ్లి ఆయన చెవికి ఒక పరికరం పెట్టించింది. ఆమె పిలుపు ఇప్పుడు ఇంకా ఎక్కువ వినపడుతోందని ఆయన చెప్పుకునే ఫిర్యాదు ఒక్కటే.

పరికరం పెట్టుకుని మొదటిరోజు ఆయన గది మెట్లెక్కాడు. రెబ్కా తెర మీద కోడంతా కిందనుంచి పైకి చూపిస్తూ, పాతవి తీసేస్తోంది. మొదటి నెల తేదీతో ఒక కామెంటు దగ్గర ఆమె చెయ్యి ఆగింది. దాని పక్కన కోడు లైను లేదు, అందుకే పెట్టె దాన్ని ఎప్పుడూ పైకి చదవలేదు. 'శెట్టిగారికి మోత వినపడటం లేదనుకుంటాను. నేను అడగలేదు.'

తీసేస్తానండీ, అంది ఆమె, మొహం పక్కకు తిప్పుకుని. విశ్వనాథం వద్దన్నాడు. ముక్కు పైకి కళ్లద్దాలు జరుపుకుని, రెండు వేళ్లతో అక్షరం అక్షరం వెతుక్కుంటూ, దాని కింద తానే ఒక లైను కొట్టాడు.

ఆయన చివరి లెక్క ఇది. మూడు తరాలు కలిపిన రెండుకు, మూడు తరాలు ఉంచిన తడి పోను, మిగిలింది సున్నా. ఒక రహస్యం పోయింది, రెండుశెట్టి అన్న పేరు చెవిలో పడింది, అది మాత్రం పరికరం తీసేసినా వినపడుతుంది. ఆ ఏడు వానాకాలం వెళ్లాక గోడౌనులో బూజు పట్టిన బస్తా ఒక్కటీ లేదు. గేటు దగ్గర పెట్టె ఎవరి బస్తాలోదో కొమ్ము విరిస్తే మూడో వరసలో ఉన్న ఆయనకు టంగుమని వినపడింది, పది అని ఆయన పెట్టె కంటే ముందే అన్నాడు. ఇవి కాక, కోడు లేని ఆ కామెంటు కింద, ఏ పనీ చెయ్యని, ఎవరూ పైకి చదవని ఒక వాక్యం ఆయన సొంత ఆస్తిగా మిగిలింది:

'నేనూ చెప్పలేదు. — మాజేటి విశ్వనాథం.'